చదవడానికి బదులు లెక్కించడం: మీడియా పరిశోధక విద్యార్థి చూపులో విద్యాలోకం

నక్షత్రాల మీద పరిశోధన చేసే విద్యార్థికి ఉద్యోగం వస్తుందా రాదా అనేది నక్షత్రాల చేతిలో ఉండదు. మీడియా మీద, సాంకేతికత మీద, ఆ రెండింటి నడుమ రూపుదిద్దుకునే సంస్కృతి మీద పరిశోధన చేసేవారి పరిస్థితి వేరు. ఏ సమాచారం ఎవరి కంట పడుతుంది, ఏది మరుగున పడుతుంది, ఆ ఏర్పాటుకు యజమాని ఎవరు, అందులో ఎవరి శ్రమకు పేరు దక్కుతుంది, ఎవరి శ్రమకు దక్కదు అని వారు టెలివిజన్ గురించో సోషల్ మీడియా గురించో వేసే ప్రశ్నలన్నీ వారి విశ్వవిద్యాలయ జీవితానికీ అలాగే వర్తిస్తాయి. పరిశోధన పత్రిక ఒక మాధ్యమం. సైటేషన్లను, అంటే ఒక పత్రాన్ని ఇతర పత్రాలు ఉదహరించిన సందర్భాలను, లెక్కగట్టే డేటాబేస్ ఒక మాధ్యమం. పరిశోధన పత్రాలను వెతికిపెట్టే సెర్చ్ ఇంజిన్ కూడా మాధ్యమమే. వీటికి యజమానులున్నారు, లాభనష్టాల లెక్కలున్నాయి, పైకెత్తే నియమాలూ పక్కకు నెట్టే నియమాలూ ఉన్నాయి.

పరిశోధక విద్యార్థుల కష్టాల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా ఒక్కో సమస్యనూ విడివిడిగా చెబుతుంటారు. ప్రచురణ ఒత్తిడి ఒకటి, డేటా దొరకకపోవడం ఒకటి, కృత్రిమ మేధ తెచ్చిన గందరగోళం ఒకటి, చాలీచాలని స్టైపెండ్ ఒకటి, మనోవేదన మరొకటి. వీటన్నిటి కిందా నడుస్తున్న మార్పు ఒక్కటేనని నా అభిప్రాయం. చదవడం జరగవలసిన చోట లెక్కించడం వచ్చి కూర్చుంది. ఆ మార్పు ఎలా వచ్చిందో, విద్యాలోకపు మెట్లలో అడుగున ఉన్న పరిశోధక విద్యార్థికి అది అందరికన్నా ముందు ఎందుకు తగులుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యార్థులు కలిసి చదివిన ఒక కేంద్రం

మీడియాను, రోజువారీ సంస్కృతిని విశ్వవిద్యాలయంలో గంభీరంగా చదవవలసిన విషయాలుగా నిలబెట్టిన చోట్లలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉండిన సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రం ముఖ్యమైనది. దాన్ని 1964లో రిచర్డ్ హోగార్ట్ స్థాపించారు. ఆయన తరువాత స్టువర్ట్ హాల్ 1979 వరకు నడిపించారు. అది ప్రధానంగా పరిశోధక విద్యార్థుల కేంద్రం. అధ్యాపకులు అతి కొద్దిమంది, విద్యార్థులు చాలామంది. వారు చిన్న చిన్న బృందాలుగా ఏర్పడి ఒకే పుస్తకాన్ని కలిసి చదివేవారు, కలిసి వాదించుకునేవారు, ఇంకా పూర్తికాని ఆలోచనలను కూడా సైక్లోస్టైల్ ప్రతులుగా తీసి పంచుకునేవారు. వర్కింగ్ పేపర్స్ పేరుతో సొంత పత్రిక కూడా తెచ్చారు. యువజన ఉపసంస్కృతుల మీద, టెలివిజన్ ప్రేక్షకుల మీద, జాతి, స్త్రీవాదం, పత్రికల్లో నేర వార్తల మీద ఆ తరువాత ప్రపంచమంతా చదివిన రచనలు అనేకం ఆ బృందాల నుంచే వచ్చాయి. పాల్ విల్లిస్, ఏంజెలా మెక్‌రాబీ, డిక్ హెబ్డిజ్, డేవిడ్ మోర్లీ, షార్లెట్ బ్రన్స్‌డన్, హేజెల్ కార్బీ, పాల్ గిల్రాయ్ అక్కడి బృందాల్లో ఉన్నవారే. దారిదోపిడి వార్తల చుట్టూ పుట్టిన భయాందోళనలను విశ్లేషిస్తూ 1978లో వచ్చిన గ్రంథానికి హాల్‌తో కలిపి అయిదుగురు రచయితలు. అందులో ఏ వాక్యం ఎవరిదో విడదీయడానికి వారు ప్రయత్నించలేదు.

ఈ కేంద్రాన్ని ఆదర్శప్రాయమైన స్వర్గంగా చూపడం నా ఉద్దేశం కాదు. అక్కడి స్త్రీలు తమ గొంతు వినిపించుకోవడానికి గట్టిగా పోరాడవలసి వచ్చింది, సామూహిక పనిలో సొంత థీసిస్ పూర్తి కాక ఇబ్బంది పడినవారూ ఉన్నారు. అయినా అక్కడ ఒక విద్యార్థి రాసిన పుటను తోటి విద్యార్థులు పూర్తిగా చదివేవారు, చదివి మారమనేవారు. 2002లో విశ్వవిద్యాలయం ఆ శాఖను మూసివేసింది. 2001లో బ్రిటన్ విశ్వవిద్యాలయాల పరిశోధనకు గ్రేడులిచ్చే జాతీయ మదింపులో దానికి ఊహించని తక్కువ గ్రేడు రావడం ఆ నిర్ణయానికి నేపథ్యం. ప్రపంచమంతటా ఒక విద్యారంగానికి ప్రేరణగా నిలిచిన చోటు ఒక మదింపు పట్టికలో నిలబడలేకపోయింది. ఇది గతించిన ముచ్చట అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఇప్పుడు పరిశోధనలోకి వచ్చే ప్రతి విద్యార్థీ అలాంటి పట్టికల నడుమనే అడుగు పెడుతున్నారు.

సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది

పరిశోధన పత్రిక వయసు మూడున్నర శతాబ్దాలకు పైమాటే. 1665 జనవరిలో పారిస్‌లో ఒక పత్రిక, అదే ఏడాది మార్చిలో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సంపాదకత్వంలో రాయల్ సొసైటీ వారి పత్రిక మొదలయ్యాయి. ప్రచురణకు ముందు బయటి నిపుణుల చేత చదివించడం మాత్రం, ఇప్పుడు మనం అనుకుంటున్నట్టుగా, ఆనాటి నుంచీ ఉన్న కచ్చితమైన నియమం కాదు. 1936లో ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాల మీద పంపిన పత్రాన్ని ఫిజికల్ రివ్యూ సంపాదకుడు ఒక సమీక్షకుడికి పంపితే, అచ్చుకు ముందే తన పత్రాన్ని మరొకరికి చూపించడానికి తాను అనుమతి ఇవ్వలేదంటూ ఐన్‌స్టీన్ దాన్ని వెనక్కి తీసుకున్నారు. సమీక్షకుడు పట్టుకున్నది నిజమైన పొరపాటే. వేరొక పత్రికలో అచ్చయ్యేనాటికి ఆ పత్రంలోని నిర్ధారణ మారిపోయింది. నేచర్ పత్రిక బయటి సమీక్షను క్రమబద్ధమైన నియమంగా పెట్టుకున్నది 1973లోనే. ఐన్‌స్టీన్ ఉదంతాన్ని సమీక్షకులను తప్పుపట్టడానికి వాడేవారున్నారు గానీ, శ్రద్ధగా చదివే మనిషి ఒక్కరున్నా ఎంత మేలు జరుగుతుందో అది చెబుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పరిశోధనకు ప్రభుత్వాల డబ్బు ధారాళంగా వచ్చింది, పత్రాల సంఖ్య పెరిగింది, రాబర్ట్ మాక్స్‌వెల్ వంటి ప్రచురణకర్తలు కొత్త కొత్త పత్రికలు పెట్టి గ్రంథాలయాలకు చందాలు అమ్మడం పెద్ద వ్యాపారమైంది. అన్నిటినీ చదవడం ఎవరి తరమూ కాని స్థితిలో అమెరికన్ సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఒక ఉపాయం ప్రతిపాదించారు. ఒక పత్రాన్ని ఆ తరువాత ఏయే పత్రాలు ఉదహరించాయో సూచిక తయారుచేస్తే, ఒక ఆలోచన ప్రయాణించిన దారిని వెనక్కీ ముందుకీ వెతికి పట్టుకోవచ్చునన్నది ఆ ఉపాయం. 1964లో ఆ సూచిక వచ్చింది. అది చదివేవారికి దారి చూపే సాధనం. దాని నుంచే, సూచికలో ఏ పత్రికలను చేర్చాలో తేల్చుకోవడానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే లెక్క పుట్టింది, 1975 నుంచి ఏటేటా నివేదికలుగా వెలువడింది.

ఆ లెక్క సులభం. ఒక పత్రిక గడిచిన రెండేళ్లలో 100 పత్రాలు వేసిందనుకుందాం, ఈ ఏడాది వాటికి 300 సైటేషన్లు వచ్చాయనుకుందాం, అప్పుడు ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 3. అది సగటు మాత్రమే. ఆ 300లో ఎక్కువ భాగం సాధారణంగా ఏ కొద్ది పత్రాలకో వస్తుంది, మిగతావాటికి ఒకటో రెండో, కొన్నిటికి ఏమీ రావు. కాబట్టి ఫలానా పత్రికలో అచ్చయినంత మాత్రాన ఫలానా పత్రం గొప్పదని ఆ సంఖ్య చెప్పలేదు. పైగా రెండేళ్ల గడువు త్వరగా స్పందించే ప్రయోగ శాస్త్రాలకు సరిపోవచ్చు గానీ, సంస్కృతి అధ్యయనంలో ఒక వాదం పుస్తకరూపంలో వచ్చి, తరగతి గదుల్లో నలిగి, ఎన్నో ఏళ్లకు గానీ ఇతరుల రచనల్లో కనిపించదు. పుస్తకాలను, ఇంగ్లీషేతర భాషల్లోని రచనలను ఈ డేటాబేసులు అరకొరగానే నమోదు చేస్తాయి. ఒక సమాజం తన మీడియాను గురించి తన భాషలో రాసుకున్న విశ్లేషణ ఎంత లోతైనదైనా ఈ లెక్కలోకి దాదాపుగా రాదు. మీడియా పరిశోధనకు ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి నాకు కనిపించడం లేదు.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త మనుషులకే వర్తించే మరో సంఖ్యను సూచించారు. ఒకరి పత్రాల్లో కనీసం పదేసి సైటేషన్లు వచ్చినవి పది ఉంటే ఆ వ్యక్తి హెచ్-ఇండెక్స్ 10. ఇది ఎప్పటికీ తగ్గదు, వయసుతో పాటు పెరుగుతుంది. మూడు పత్రాలు మాత్రమే రాసిన పరిశోధక విద్యార్థి ఆ మూడింటితో ప్రపంచ దృష్టినే మార్చినా ఆ విద్యార్థి హెచ్-ఇండెక్స్ 3 దాటదు. అంతకు ముందు ఏడాదే, 2004లో, గూగుల్ స్కాలర్ వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంఖ్య ప్రతి పరిశోధకుడి పేరు పక్కన అందరికీ కనబడే చోటికి చేరింది.

ఒక కొలమానాన్ని లక్ష్యంగా మార్చగానే అది మంచి కొలమానంగా మిగలదన్న సూత్రానికి మూలం 1975లో ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి చేసిన వ్యాఖ్య. విశ్వవిద్యాలయాల తనిఖీ వ్యవస్థను పరిశీలిస్తూ 1997లో మానవ శాస్త్రవేత్త మారిలిన్ స్ట్రాథర్న్ దానికి ఇప్పుడు అందరూ వాడే రూపం ఇచ్చారు. పరిశోధక విద్యార్థి అనుభవంలో ఇది సిద్ధాంతం కాదు. ఒక్క పెద్ద వాదాన్ని మూడు చిన్న పత్రాలుగా విడగొట్టడం, సమీక్షకులకు నచ్చుతుందని అవసరం లేని సైటేషన్లు చేర్చడం, ఫెలోషిప్ గడువులోగా తేలదేమోనన్న భయంతో మంచి ప్రశ్నను వదిలేసి తేలికైన ప్రశ్నను పట్టుకోవడం, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే బూటకపు పత్రికల వలలో పడడం, ఇవన్నీ దాని ఫలితాలే. ఒక పత్రం సమీక్షకు వెళ్లి తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి, మన రంగంలో ఏడాది దాటడమూ వింత కాదు. ఫెలోషిప్ గడియారం మాత్రం ఆగదు.

పేరు విషయంలోనూ ఇదే వంపు ఉంది. ఇప్పటికే పేరున్నవారికే మరింత పేరు చేరడాన్ని 1968లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ బైబిలులోని మత్తయి సువార్త ఆధారంగా మాథ్యూ ప్రభావం అన్నారు. ఆ విశ్లేషణకు ఆయన ఎంతగానో ఆధారపడింది నోబెల్ గ్రహీతలతో హారియెట్ జుకర్‌మన్ తన డాక్టరేట్ పరిశోధన కోసం చేసిన సంభాషణల మీద. ఆ పత్రం ఇద్దరి పేర్లతో రావలసిందని మెర్టన్ తరువాత ఒప్పుకున్నారు. పేరు ఎవరికి చేరుతుందో వివరించిన పత్రంలోనే ఒక పరిశోధక విద్యార్థిని పేరు రచయితల వరుసలో లేకపోవడం, ఈ వ్యవస్థ మంచి ఉద్దేశాలున్నవారి చేత కూడా ఏం చేయిస్తుందో చెబుతుంది.

డేటా ఇచ్చే చేయి

సోషల్ మీడియాను అధ్యయనం చేసే విద్యార్థి థీసిస్ ఒక కంపెనీ విధానం మీద నిలబడి ఉంటుంది. ఈ మాట బయటివారికి అతిశయోక్తిగా అనిపించవచ్చు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ప్లాట్‌ఫామ్‌లోని పోస్టులను పెద్ద సంఖ్యలో తీసుకోవడానికి కంపెనీలు ఏపీఐ అనే ద్వారాన్ని తెరిచి ఉంచేవి. కోట్లాది ఫేస్‌బుక్ వాడుకదారుల సమాచారం వారికి తెలియకుండా రాజకీయ ప్రచార సంస్థకు చేరిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడిన తరువాత, 2018 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఆ ద్వారాలను బాగా బిగించాయి. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడం అవసరమే. కానీ బిగింపు బారిన ఎక్కువగా పడింది నియమాలు పాటించే విద్యాసంస్థల పరిశోధకులే. ట్విట్టర్ మాత్రం 2021 జనవరిలో పరిశోధకుల కోసం ప్రత్యేక మార్గాన్ని ఉచితంగా తెరిచింది, పాత ట్వీట్లన్నిటినీ వెతికే వీలు కల్పించింది. దాన్ని నమ్ముకుని ఆ ఏడాది డాక్టరేట్‌లో చేరిన విద్యార్థి పద్ధతిని ఖరారు చేసి, నైతిక కమిటీ అనుమతి తెచ్చుకుని, డేటా సేకరణ మొదలుపెట్టేసరికి కంపెనీ యాజమాన్యం మారింది, 2023లో ఉచిత ద్వారం మూతపడింది. అదే ఏడాది రెడ్డిట్ తన ఏపీఐకి ధర పెట్టింది. ఫేస్‌బుక్‌లో ఏ పోస్టులు ఎంతగా వ్యాపిస్తున్నాయో చూపే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసివేసింది.

దీని ఫలితం థీసిస్‌లు ఆగిపోవడంతో ముగియదు. ఏ ప్లాట్‌ఫామ్ తలుపు తెరిస్తే దాని మీదే పరిశోధనలు కుప్పలుగా వచ్చాయి. ట్విట్టర్‌ను వాడేవారు ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ వాడేవారితో పోలిస్తే చాలా తక్కువే అయినా, ప్రజాభిప్రాయం మీద, నిరసనల మీద, తప్పుడు వార్తల మీద వచ్చిన పరిశోధనలో ట్విట్టర్ వాటా దాని వాడుకకు ఎంతో మించిపోయింది. ప్రజలు నిజంగా మాట్లాడుకునే మూసిన గ్రూపుల గురించి మనకు తెలిసింది తక్కువ. అంటే ప్రశ్న డేటాను ఎంచుకోవలసి ఉండగా డేటా ప్రశ్నను ఎంచుకుంది.

డేటా దొరికినప్పుడు కూడా ఒక ప్రలోభం ఉంటుంది. లక్ష పోస్టులను ప్రోగ్రాముతో వర్గీకరించి పట్టిక వేయడం అచ్చుకు త్వరగా సిద్ధమయ్యే పని. అందులో యాభై పోస్టులను తీసుకుని, అవి ఎవరు ఎవరితో ఎందుకు అన్న మాటలో, ఎక్కడ ఎగతాళి ఉందో, ఎక్కడ దుఃఖం ఉందో తేల్చడానికి నెలలు పడుతుంది. లెక్కింపు పద్ధతుల విలువను నేను తక్కువ చేయడం లేదు, వ్యాప్తిని చూపడానికి అవి కావలసిందే. కానీ వ్యంగ్యపు మాటను మద్దతుగా లెక్కించిన పట్టిక ఎన్ని దశాంశ స్థానాల వరకు కచ్చితంగా ఉన్నా తప్పే. ఒకే ప్రసారాన్ని వేర్వేరు ప్రేక్షకులు వేర్వేరుగా అర్థం చేసుకుంటారని స్టువర్ట్ హాల్ 1973లోనే వాదించారు, దాన్ని బర్మింగ్‌హామ్ విద్యార్థులు ప్రేక్షకులతో కూర్చుని మాట్లాడి పరీక్షించారు. ఆ పనికి ఏపీఐ అవసరం లేదు, సమయం అవసరం.

అందుబాటులో ఉన్న పోస్టులన్నిటినీ తీసుకోవడం నైతికంగా సరైనదేనా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. బహిరంగంగా కనబడుతున్నంత మాత్రాన తీసుకోవడం న్యాయమైపోదని పరిశోధకులు డానా బాయిడ్, కేట్ క్రాఫర్డ్ 2012లో గట్టిగా చెప్పారు. ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం 2002 నుంచి దీని మీద మార్గదర్శకాలు వెలువరిస్తూ వస్తోంది. ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టం 40వ అధికరణం, సమాఖ్యలో నెలకు నాలుగున్నర కోట్లకు పైగా వాడుకదారులున్న పెద్ద ప్లాట్‌ఫామ్‌లు, సమాజానికి కలిగే ముప్పులను అధ్యయనం చేసే అర్హత పొందిన పరిశోధకులకు డేటా ఇవ్వాలని నిర్దేశిస్తోంది. కంపెనీ దయాదాక్షిణ్యంగా ఉండినది చట్టబద్ధమైన హక్కుగా మారడానికి ఇది తొలి మెట్టు. అర్హత పొందడానికి పరిశోధన సంస్థ అండ, భద్రమైన డేటా నిల్వ వంటివి కావాలి కాబట్టి, వనరులు తక్కువగా ఉన్న విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఆ మెట్టు ఎంత ఎత్తుగా ఉంటుందో గమనిస్తూ ఉండాలి.

కనబడవలసిన పని

పరిశోధకులు తమ పనిని అందరికీ అర్థమయ్యేలా చెప్పడం మంచిదే. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీ ఎన్నో దేశాలకు పాకింది. కదలని ఒక్క స్లైడు, మూడు నిమిషాలు, అంతే. సంక్షిప్తంగా చెప్పడం నేర్పే సాధనగా దానికి విలువ ఉంది. అయితే మూడు నిమిషాల్లో చెప్పగలిగే ఫలితమున్న పరిశోధనే పరిశోధన అన్న భావన దాని వెంట రాకుండా చూసుకోవాలి. సంస్కృతి అధ్యయనంలో ఫలితం తరచుగా ఒక వాక్యం కాదు, ఒక విషయాన్ని ఇంతకు ముందుకన్నా నిదానంగా చూసే పద్ధతి.

ట్విట్టర్‌లో ఏర్పడిన పరిశోధకుల లోకం ఒకప్పుడు దూరాన ఉన్న, గైడు నుంచి సాయం అందని విద్యార్థులకు నిజంగానే ఆసరా. పత్రం తిరస్కరణకు గురైతే ఏం చేయాలి, గైడుతో విభేదిస్తే ఎలా చెప్పాలి వంటి, ఎవరూ తరగతిలో నేర్పని సంగతులు అక్కడ తెలిసేవి. 2022 చివర ఆ వేదిక చేతులు మారాక ఆ లోకం మాస్టొడాన్, బ్లూస్కై వంటి చోట్లకు చెదిరిపోయింది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పరిచయాలు అక్కడే మిగిలిపోయాయి. మన విద్యార్థి సమాజం కూడా ఒకరి ఆస్తిలో అద్దెకుందన్న సంగతి మీడియా యాజమాన్యం గురించి పాఠాలు చదివే మనకే ఆలస్యంగా తెలిసింది.

యంత్రం రాసినదీ యంత్రం పట్టుకున్నదీ

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. దానికి రెండు వారాల ముందే, శాస్త్ర సాహిత్యం మీద తర్ఫీదు పొందిన గెలాక్టికా అనే కృత్రిమ మేధ నమూనాను మెటా విడుదల చేసి, అది లేని పత్రాలను ఉన్నట్టుగా ఆత్మవిశ్వాసంతో ఉదహరిస్తోందన్న విమర్శతో మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2023 మొదట్లోనే నేచర్, సైన్స్ వంటి పత్రికలు కృత్రిమ మేధను రచయితగా ఒప్పుకోబోమని ప్రకటించాయి. రచయిత అంటే రాసినదానికి జవాబుదారీ, యంత్రం జవాబుదారీ కాలేదు అన్నది వారి వాదన. అది సరైనదే.

విద్యార్థికి ఎదురయ్యే చిక్కు మాత్రం మరోచోట ఉంది. గత సాహిత్య సమీక్షను యంత్రం చేత చేయించుకుంటే పుటలు నిండుతాయి, కానీ ఒక వాదం ఎక్కడ బలహీనమో వంద పత్రాలు చదివే క్రమంలో మెల్లగా తట్టే స్ఫురణ తట్టదు. థీసిస్ రాయడం అనేది ఆలోచించడం పూర్తయ్యాక చేసే నకలు పని కాదు. రాస్తుండగానే ఆలోచన ఏర్పడుతుంది. వ్యాకరణం సరిచేసుకోవడానికో, పరాయి భాషలో వాక్యం చక్కదిద్దుకోవడానికో ఈ సాధనాలను వాడడాన్ని నేను తప్పుపట్టను. భాష వల్ల మంచి ఆలోచనలు వెనకబడిన అన్యాయాన్ని అవి కొంత తగ్గిస్తాయి.

ఆ అన్యాయం మరో దారిలో తిరిగి వస్తోంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఒక రచన యంత్రం రాసిందా మనిషి రాసిందా అని తేల్చే ఏడు ఏఐ డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ అనే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవని అవి తీర్పిచ్చాయి. అమెరికన్ బడిపిల్లల వ్యాసాల విషయంలో దాదాపుగా తప్పు చేయలేదు. కారణం సాంకేతికమైనదే. తరువాత ఏ మాట వస్తుందో ఎంత సులువుగా ఊహించగలిగితే ఆ రచన అంత యంత్రపు రచనలా వాటికి కనిపిస్తుంది, పరిమిత పదసంపదతో జాగ్రత్తగా రాసేవారి వాక్యాలు అలాగే ఉంటాయి. ఇక్కడ కూడా జరిగింది అదే. విద్యార్థి రచనను చదివి, ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడిగితే తెలిసే విషయాన్ని ఒక శాతానికి అప్పగించారు.

ఇదే సమయంలో పరిశోధన పత్రాలే ముడిసరుకుగా మారాయి. టేలర్ అండ్ ఫ్రాన్సిస్ మాతృసంస్థ ఇన్‌ఫార్మా 2024లో మైక్రోసాఫ్ట్‌తో చేసుకున్న ఒప్పందం తొలి చెల్లింపే కోటి డాలర్లకు పైగా. తమను అడగలేదని రచయితలు నిరసన తెలిపారు. జీతం లేకుండా రాయించుకుని, జీతం లేకుండా సమీక్షింపజేసుకుని, చందాగానో ప్రచురణ రుసుముగానో మళ్లీ డబ్బు కట్టించుకునే ఈ వ్యవస్థలో ఆ పత్రాలను చదివేది ఇప్పుడు మనుషులకన్నా యంత్రాలే ఎక్కువ కావచ్చు.

చదవడం కూడా పనే

సమీక్షకు జీతం లేదన్నాను. దానికి కొన్నిసార్లు పేరు కూడా ఉండదు. గైడు పేరున వచ్చిన సమీక్షను విద్యార్థి చేసి ఇవ్వడం ఎంత మామూలో ప్రధానంగా జీవశాస్త్రాల యువ పరిశోధకులను అడిగి చేసిన ఒక సర్వే 2019లో ఈలైఫ్ పత్రికలో వచ్చింది. తమ పేరు సంపాదకులకు తెలియకుండానే సమీక్ష రాశామని దాదాపు సగం మంది చెప్పారు. విద్యాలోకంలో జాగ్రత్తగా చదివే పని చాలావరకు మెట్ల అడుగున, కనబడకుండా జరుగుతోందన్నమాట. ఏ సంఖ్యలోనూ లెక్కకు రాని పని కూడా అదే.

ఈ పరిస్థితి మనసు మీద ఎలా పడుతుందో 2018లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చిన సర్వే చర్చకు తెచ్చింది. 26 దేశాల్లోని 2,279 మంది సమాధానాల ఆధారంగా, ఆందోళన, కుంగుబాటు లక్షణాలు సాధారణ జనాభాలో కన్నా పరిశోధక విద్యార్థుల్లో ఆరు రెట్లకు మించి ఉన్నాయని అది చెప్పింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారే జవాబిచ్చిన సర్వే కనుక ఆ ఆరు రెట్లను అందరికీ యథాతథంగా వర్తింపజేయకూడదు. అయినా గైడుతో సంబంధం బాగున్నవారిలో, పనికీ జీవితానికీ సమతూకం ఉన్నవారిలో ఆ లక్షణాలు తక్కువగా ఉన్నాయన్న దాని మరో పరిశీలన ముఖ్యమైనది. ఇది వ్యక్తి బలహీనతకు సంబంధించినది కాదని, పని పరిస్థితులకు సంబంధించినదని అది సూచిస్తోంది.

పని అన్న మాటనే చాలాకాలం సంస్థలు ఒప్పుకోలేదు. అమెరికాలో బోధనలో, పరిశోధనలో సాయపడే ప్రైవేటు విశ్వవిద్యాలయ విద్యార్థులు ఉద్యోగులేనని అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2016 ఆగస్టులో తీర్పునిచ్చింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుమారు 48,000 మంది విద్యా కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో అధికులు పరిశోధక విద్యార్థులే. అద్దె కట్టుకోలేని వేతనంతో ఎవరూ నిదానంగా చదవలేరన్న సాదా సత్యం ఆ సమ్మె వెనుక ఉంది. చదివే పనికి పేరు దక్కకపోవడమూ కొత్త కాదు. పల్సార్ అంటే క్రమం తప్పక రేడియో సంకేతాలు పంపే నక్షత్రం. 1967లో పరిశోధక విద్యార్థినిగా ఆ సంకేతాన్ని గుర్తించిన జోసెలిన్ బెల్ బర్నెల్‌కు, ఆ ఆవిష్కరణకు ఇచ్చిన 1974 నోబెల్‌లో చోటు దక్కలేదు. మైళ్ల పొడవునా సాగిన చార్టు కాగితాన్ని కళ్లతో చదువుతుంటేనే ఆమెకు ఆ చిన్న గీత కనిపించింది. 2018లో తనకు వచ్చిన ముప్పై లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతిని ఆమె, భౌతిక శాస్త్రంలో అవకాశాలు తక్కువగా ఉన్న వర్గాల పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్పులకు ఇచ్చివేశారు.

మారడానికి ప్రయత్నాలు లేవని కాదు. 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న, పరిశోధన మదింపు మీద వచ్చిన డోరా ప్రకటన, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వ్యక్తి మదింపుకు వాడవద్దని కోరింది. పత్రంలోని విషయమే పత్రిక పేరుకన్నా ముఖ్యమని, ముఖ్యంగా పరిశోధనలోకి కొత్తగా వచ్చినవారికి స్పష్టంగా చెప్పాలని సంస్థలను, నిధులిచ్చేవారిని అడిగింది. పరిశోధన కొలమానాల వాడకం మీద 2015లో వచ్చిన లైడెన్ మేనిఫెస్టో, సంఖ్యలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలే తప్ప దాని స్థానాన్ని తీసుకోకూడదంది. డోరా మీద సంతకం చేసిన సంస్థల్లోనూ విద్యార్థులు అడగవలసిన ప్రశ్నలు కొన్ని మిగిలే ఉన్నాయి. డాక్టరేట్ ఇవ్వడానికి ఇన్ని పత్రాలు అచ్చు కావాలన్న నియమం ఎందుకు ఉంది? ఫెలోషిప్ పొడిగింపు కమిటీ సభ్యులు దరఖాస్తుదారు రాసిన అధ్యాయం ఒక్కటైనా చదివారా, పట్టిక మాత్రమే చూశారా? సమీక్షలో విద్యార్థి పాలుంటే ఆ పేరు సంపాదకుడికి పంపడానికి శాఖలో పద్ధతి ఏదైనా ఉందా?

ఇంత లెక్కింపు నడుమ, ఒక మనిషి రాసినదంతా మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి తీరాలని నియమంగా పెట్టుకున్న ఘట్టం విద్యాలోకంలో దాదాపు ఒకే ఒక్కటి మిగిలింది. అది డాక్టరేట్ పరీక్ష. ఇద్దరో ముగ్గురో పరీక్షకులు వందల పుటలు చదివి, వైవా అనే మౌఖిక పరీక్షలో ఎదురుగా కూర్చుని ఫలానా చోట ఇలా ఎందుకన్నావని అడుగుతారు. ఆ ఏర్పాటును ఆఖరి రోజు వరకు ఆపకుండా ప్రతి సెమిస్టరుకూ తేవడం, అంటే విద్యార్థి రాసిన ఒక అధ్యాయాన్ని గైడు కాని మరొక అధ్యాపకుడు, ఇద్దరు తోటి విద్యార్థులు పూర్తిగా చదివి గంటసేపు చర్చించడం, పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణ కాదు. దానికి కావలసింది ఆ గంటను, ఆ చదువును బోధన భారంలో భాగంగా, పనిగా గుర్తించి శాఖ టైంటేబుల్‌లో రాయడం.